శబ్దం తగ్గించిన గది

టే నది మీంచి వచ్చే గాలి
కోటు గుండీలు ఒక్కొక్కటే లెక్కపెట్టే డండీలో
పాత జనపనార మిల్లు ఇప్పుడు మ్యూజియం.
నాది నాలుగో గది కాపలా.
ఒక స్టూలు, టార్చి, వాకీటాకీ,
పదింటి నుంచి ఐదింటి దాకా చీకటి.

నలభై స్పీకర్లు. మూడు గోడల నిండా బొమ్మ.
అడుగు పెట్టగానే ఒక నాడె
కుడిచెవిలో దూరి ఎడమచెవిలో తేలుతుంది.
నేల కింద దాచిన యంత్రమేదో
మోకాలిచిప్పలు వణికిస్తుంది.
పిల్లలు కేరింతలు కొడతారు.
పెద్దవాళ్లు ఫోన్లు పైకెత్తి
గోడమీది ఆడవాళ్లను జేబులో వేసుకుంటారు.

గుమ్మం దగ్గర బోర్డు:
'సందర్శకుల క్షేమం దృష్ట్యా శబ్దం తగ్గించబడినది.'
మొదటిరోజు చదివి నవ్వుకున్నాను.
మా మేనత్త సూరీడమ్మ చెవులు గుర్తొచ్చి
నవ్వు ఆపేశాను.

చిట్టివలస మిల్లులో ఆవిడకి
క్యారేజీ పట్టుకెళ్లిన మధ్యాహ్నాల్లో
మరమగ్గం పక్కన, జిడ్డోడుతున్న ఇనపపలక మీద
ఉబ్బెత్తు అక్షరాలు వేలితో తడిమాను
డి, యు, ఎన్, డి, రెండు ఈలు.
మగ్గం పేరు కాబోలు అనుకున్నాను.
ఊరి పేరని తెలిసేసరికి
ఆ ఊరి చీకట్లోనే స్టూలేసుకు కూచున్నాను.

గురువారం రెండింటికి నెటా వస్తుంది.
ఎనభై నాలుగేళ్లు. చేతిలో ఎప్పుడూ ఖాళీ సంచి.
అందరూ చెవులు రిక్కించే గదిలో
తను రెండు చెవుల మిషన్లూ ఊడదీసి
జేబురుమాల్లో మూటకడుతుంది,
పడుకోబోతూ గాజులు తీసినంత మామూలుగా.
ఆపైన గోడకేసి చూసి నవ్వుతుంది
ఒక్కతే, భుజాలు ఎగిరిపడేలా.

గోడమీద జుట్టుకి గుడ్డ కట్టిన పిల్ల
పెదాలు ఆడిస్తూ ఉంటుంది. పాత ఫిల్ము, మాట లేదు.
పక్కన కళాకారుడి వివరణ ఉంది:
'శ్రమ లోలోపలి మౌన ప్రార్థన.'
మూడో గురువారం ఉండబట్టలేక
ఇది నిజమేనా అని నెటాని అడిగాను.
గడ్డం పట్టి నా మొహం వెలుగులోకి తిప్పుకుంది,
నా మాట చదవడానికి.
"ప్రార్థనా!
ఫోర్‌మన్ లాగు వెనకవైపు పిగిలిపోయిందట,
చూడనట్టు చూడమంటోంది."

ఆ మోతలో పెదాలతోనే బతికాం, అంది.
మా అత్తకీ ఓ భాష ఉండేదన్నాను.
బుగ్గమీద రెండు వేళ్లు పెడితే
'మేస్త్రీ వస్తున్నాడు, జాగ్రత్త' అని.
పెట్టి చూపించాను.
నెటా తల అడ్డంగా ఊపింది.
డండీలో అది పంటినొప్పి.

వెళ్తూ ముక్కు ఎగబీల్చి
"ఇంత ఖర్చుపెట్టారు, వాసనేదయ్యా?" అంది.
దుమ్మూ నూనే కలిసి తలకంటుకున్న ఆ వాసనకి
శనివారం డాన్సుల్లో కుర్రాళ్లు
పక్కకి తప్పుకునేవారట.
మా అత్త కుంకుడురసంతో ఎంత రుద్దినా
దిండుకి మర్నాడు అదే వాసన.

ఇంకో సంగతి కూడా చెప్పింది, గుమ్మంలో ఆగి.
ఎడమగోడమీద, చివర్లో, వయసు మళ్లినావిడ
పక్క మగ్గం మనిషిని అడుగుతుంది:
"పిల్లకి జ్వరం తగ్గిందా?"
ఆ మనిషి ఇటు తిరగబోతుంది.
అక్కడ ఫిల్ము తెగింది.
పదకొండు నిమిషాలకోసారి మళ్లీ అడుగుతుంది.

ఇప్పుడు నాకు మిగతాదేదీ ఆనదు.
నలభై స్పీకర్ల కింద కూచుని
ఆ ఒక్క ప్రశ్న కోసం గడియారం చూస్తాను.

ఐదింటికి శబ్దం ముందు ఆరుతుంది.
బొమ్మ ఆరడానికి ఇంకో రెండు నిమిషాలు.
నిన్న ఆ సందులో ఆవిడ అడిగింది.
లేచి ఎడమగోడ దగ్గరకెళ్లి
గొంతు కలపకుండా, పెదాలు బాగా విప్పి, తెలుగులో
తగ్గిందమ్మా, అన్నాను.

వాకీటాకీ గురగురలాడింది:
నాలుగో గది ఖాళీయేనా?
కాసేపు మీట నొక్కలేదు.